టైగర్‌మిల్క్ ఫ్లాప్ ఏంటండీ బాబూ

స్కాట్లాండ్ బ్యాండ్ బెల్ అండ్ సెబాస్టియన్ మొదటి ఆల్బమ్ టైగర్‌మిల్క్ వెయ్యి కాపీలే పోయింది కాబట్టి ఫ్లాప్ అని ఎవరో తేల్చేశారు, అసలు అచ్చేసిందే వెయ్యి కాపీలండీ! 1996లో గ్లాస్గోలో స్టో కాలేజీ వాళ్ళ మ్యూజిక్ బిజినెస్ కోర్సులో భాగంగా, ఆ కాలేజీ సొంత రికార్డ్ లేబుల్ ఎలక్ట్రిక్ హనీ మీద, మూడంటే మూడు రోజుల్లో రికార్డ్ చేసిన ఎల్పీ అది. మామూలుగా వాళ్ళు ఏటా ఒక సింగిల్ వేసేవాళ్ళు, బ్యాండ్ సింగర్, పాటల రచయిత స్టువర్ట్ మర్డాక్ దగ్గర పాటలు బోలెడు ఉండేసరికి ఏకంగా ఆల్బమే వేసేశారు. పాపం ఆయన అంతకుముందు ఏళ్ల తరబడి క్రానిక్ ఫటీగ్ (ఎప్పుడూ తగ్గని నీరసం) జబ్బుతో ఇంటికే పరిమితం, పాటలు రాయడం మొదలైందే అప్పుడు. తర్వాత ఆ రికార్డులు వందల పౌండ్లు పలికాయి, దొరకనివాళ్ళు క్యాసెట్ల మీద ఎక్కించుకుని విన్నారు, 1999లో జీప్‌స్టర్ అనే లేబుల్ వాళ్ళు మళ్ళీ రిలీజ్ చేసేదాకా ఇదే కథ.

నాకైతే అదే 1996లో వచ్చిన రెండో ఆల్బమ్, ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్, ఇంకా ఇష్టం. పాటలు సూపర్ గానీ సౌండే కాస్త పల్చన, మర్డాక్‌కే నచ్చలేదు, అందుకే 2005లో లండన్‌లోని బార్బికన్ హాల్లో ఆల్బమ్ మొత్తం లైవ్‌లో వాయించి అది కూడా రిలీజ్ చేశారు. ఒకసారి ఆ లైవ్ వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరీ.