పెత్తనం పంచలేని పరిశ్రమ ఎంత వరకు పెరుగుతుంది?

భారత ఆర్థిక వృద్ధిపై చర్చ ఎప్పుడూ పెట్టుబడులు, రహదారులు, వడ్డీ రేట్ల చుట్టూనే తిరుగుతుంది. ఫ్యాక్టరీ గేటు లోపల నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు, ఏ లెక్కలు చూసి తీసుకుంటున్నారు అన్న ప్రశ్నను మేనేజీరియల్ ఎకనామిక్స్ (సంస్థల నిర్ణయాలను ఆర్థిక సూత్రాలతో పరిశీలించే శాస్త్రం) తరగతి గదులకు వదిలేశాం.

స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2008లో ముంబై సమీపంలోని తారాపూర్, ఉంబర్‌గావ్ వస్త్ర మిల్లుల్లో చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు ఎంత విలువుందో చూపించింది. అవి కుటీర పరిశ్రమలేమీ కావు. ఒక్కో సంస్థలో సగటున 270 మంది పనిచేసేవారు. అయినా ఏ రంగు నూలు ఎంత ఉందో రాసిన చిట్టా లేక గోదాముల్లో అవసరానికి మించిన నిల్వలు పేరుకుపోయేవి. మగ్గం ఆగిపోయాకే మరమ్మతు గుర్తొచ్చేది. పరిశోధకులు పంపిన నిర్వహణ నిపుణులు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు: నిల్వలకు చీటీలు కట్టడం, బట్టలో లోపాలను రోజూ నమోదు చేసి కారణం వెతకడం, యంత్రాలకు ముందుగానే మరమ్మతు చేయించడం. తొలి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

ఇంత లాభముంటే ఈ పని ముందే ఎందుకు చేయలేదు? కొంత తెలియకపోవడం, కొంత 'మా మిల్లు బాగానే నడుస్తోంది' అన్న ధీమా. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. బాగా నడిచే సంస్థ విస్తరించి, సరిగా నడవని దాన్ని పక్కకు నెట్టాలి. ఇక్కడ అది జరగలేదు. సంస్థ ఎంత పెద్దదన్నది నిర్వహణ తీరు కన్నా, ఆ కుటుంబంలో ఎంతమంది మగవారున్నారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడింది. (ఆడపిల్లలు ఈ లెక్కలోకే రాకపోవడం మరో నష్టం.) పెద్ద బాధ్యతలు ఇంటివారికే అప్పగించడం ఇందుకు కారణం. బయటి మేనేజర్ సొమ్ము కాజేస్తే కోర్టుకెళ్లి రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుందని తెలిసిన యజమాని పెత్తనం వదులుకోడు. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేం.

ప్రభుత్వాల చూపు మాత్రం చాలాకాలం యంత్రాలపైనే నిలిచింది. 1999 నాటి టెక్నాలజీ అప్‌గ్రెడేషన్ ఫండ్ పథకం వస్త్ర పరిశ్రమలో కొత్త యంత్రాల రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చింది. వ్యాపార వివాదాలను త్వరగా తేల్చడానికి పెట్టిన వాణిజ్య కోర్టులకు వెళ్లేందుకు ఉండాల్సిన కనీస వివాద విలువను 2018లో కోటి రూపాయల నుంచి 3 లక్షల రూపాయలకు దించడం నా దృష్టిలో అంతకన్నా సరైన అడుగు. కానీ తీర్పు వచ్చాక దాని అమలుకూ వాయిదాలు తిరగాల్సి వస్తే యజమానికి ధైర్యం రాదు. 2023లో పునఃప్రారంభమైన ఎంఎస్ఎంఈ లీన్ పథకం (చిన్న, మధ్యతరహా సంస్థల్లో వృథాను తగ్గించే పద్ధతులు నేర్పేది) నిపుణుల ఫీజులో 90 శాతం భరిస్తోంది. మంచిదే. అయితే ఆ మిల్లులకు పరిశోధకులు ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లేసరికి, నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం మూలనపడ్డాయి. మేనేజర్లు మారిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.