శ్రీ ఓటీఎస్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ వన్ టైమ్ సెటిల్‌మెంట్ గారికి,

బాకీదారులు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. మా వైపు కుశలం అంటే, రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పడమే. మధ్యలో ఉన్న పదకొండు గంటలూ ఎవరి అదృష్టం వారిది.

"ఆరు లక్షల బాకీ రెండున్నరకి తెంపేసుకున్నాడు" అని ఎవరో అంటారు, అంటే బ్యాంకు బాకీలో కొంత కట్టించుకుని మిగతాది వదిలేసుకుందని. తమరి కీర్తి అంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తోంది. డబ్బు కట్టాక క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్", అంటే పూర్తిగా కట్టలేదు, అని పడుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ముద్ర ఏళ్ల తరబడి చెరగదు. పైగా 2023 జూన్‌లో వచ్చిన నిబంధన ప్రకారం, పంట రుణాల్లాంటివి వదిలేస్తే, తమరితో రాజీపడిన మనిషికి ఆ బ్యాంకు కనీసం 12 నెలల దాకా కొత్త అప్పు ఇవ్వకూడదు.

తమరి దర్శనమూ అంత తేలిక కాదు. వాయిదా తప్పిన 30 రోజుల దాకా ఖాతా ఎస్ఎంఏ-0 (మొండి బాకీ కాకముందు బ్యాంకు వేసే హెచ్చరిక ముద్ర), 60 దాకా ఎస్ఎంఏ-1, 90 దాకా ఎస్ఎంఏ-2, అదీ దాటితే ఎన్పీఏ, అంటే మొండి బాకీ. తమరు మామూలుగా ఆ గడప అవతలే కూర్చుంటారు. అందుకే కొందరు మహానుభావులు కట్టగలిగి కూడా వాయిదాలు ఆపేసి తమరి కోసం తపస్సు చేస్తున్నారు. ఈ తపస్సులో ఒక తిరకాసు ఉంది. 89వ రోజున ఉన్నవాడు అన్నిటికన్నా పాత వాయిదా ఒక్కటి కట్టినా నెల వెనక్కి జరుగుతాడు. అదే 91వ రోజున ఒక్కటి కడితే ఏమీ జరగదు. బకాయి పడ్డ అసలూ వడ్డీ మొత్తం కడితే తప్ప ఖాతాను మళ్లీ మంచి ఖాతాగా చూపించకూడదని రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులోనే స్పష్టం చేసింది. రెండు రోజుల తేడాకి ఒక వాయిదా కాస్తా నాలుగవుతుందన్న సంగతి తమరి భక్తులకు చివర్లో తెలుస్తుంది.

తమరికి రీషెడ్యూల్ అని ఒక తమ్ముడున్నాడు. పాపం, అతన్ని ఎవరూ పొగడరు. 15 శాతం వడ్డీకి 3 లక్షలు బాకీ ఉండి, 24 నెలలు మిగిలితే నెలకు రూ.14,546 కట్టాలి. గడువు 48 నెలలకు పెంచితే రూ.8,349 అవుతుంది. నెలకు ఆరు వేల పైచిలుకు ఊపిరి ఆడుతుంది గానీ, మొత్తమ్మీద రూ.51,648 అదనంగా పోతుంది. జీతం మూడు నెలలు ఆగి మళ్లీ వస్తుందనుకున్నవాడికి ఈ లెక్క గిట్టుబాటే. పూర్తిగా కట్టినవాడిగా మిగులుతాడు. జీతమే రాదని తెలిసినవాడు గడువు పెంచుకుంటే, నాలుగేళ్లు కట్టబోయి మధ్యలో తమరి దగ్గరికే వస్తాడు, ఈసారి పెద్ద బాకీతో.

తమ్ముడు బ్రాంచిలో దొరకడం మాత్రం కష్టం. ప్రకృతి వైపరీత్యం లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, కష్టాల్లో ఉన్నాడని గడువు మార్చిన ఖాతాను బ్యాంకు ఎన్పీఏగా చూపించాల్సి వస్తుంది. మేనేజరు గారు "చూద్దాం లెండి" అనడంలో ఉన్న మర్మం ఇదే. అందుకని నోటిమాటకి ఊరుకోకుండా, ఆదాయం ఎందుకు తగ్గింది, ఎప్పటి నుంచి, ఎంత కట్టగలం అన్న మూడూ రాసి, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవాలి. వాయిదా తప్పకముందే ఇస్తే మరీ మంచిది.

తమరి తాతగారినీ తలుచుకోకపోతే తప్పు. "ఐపీ పెట్టాడు", అంటే దివాలా పిటిషన్ వేశాడు, అంటే ఇప్పటికీ వీధి వీధంతా తిరిగి చూస్తుంది. ఆయన పుట్టింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టంలో. రూ.500 బాకీ ఉంటే చాలు, దివాలా పిటిషన్ వేసుకోవచ్చట! ఆ రోజుల్లో అది పెద్ద సొమ్మే మరి. కొత్త దివాలా కోడ్ మామూలు మనుషుల దాకా ఇంకా రాలేదు, కంపెనీలకి హామీ ఉన్నవారి దగ్గరే ఆగింది. తాతగారి దగ్గర చిక్కేమిటంటే, ఆస్తి కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి పోతుంది, తాకట్టులో ఉన్న ఇంటి మీద బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. బావమరిది పేర ఊరికే రాసిచ్చిన పొలం కూడా, రాసిన రెండేళ్లలోపు పిటిషన్ పడితే వెనక్కి లాగుతారు.

సరే, తమరు తప్ప దిక్కులేని వారి తరఫున కొన్ని విన్నపాలు. తమరు ఫోన్‌లో మాటగా కాక, బ్యాంకు లెటర్‌హెడ్ మీద రండి. అందులో మొత్తం, ఆఖరు తేదీ, ఇది పూర్తి పరిష్కారమన్న మాట, హామీదారు పేరు కూడా ఖాతా నుంచి తప్పిస్తామన్న మాట ఉండాలి. ఏజెంటు సొంత నంబరుకి యూపీఐ కొట్టమంటే అది తమరు కాదని మాకు తెలుసు. విడతల్లో కట్టమని ముందు తేదీల చెక్కులు అడుగుతారు. ఒక్కటి బౌన్స్ అయితే ఒప్పందం రద్దయి, కట్టిందంతా పాత బాకీలో జమపడి, పైన 138 సెక్షన్ కేసు. కోర్టులో దావా ఉంటే తమరిని లోక్ అదాలత్‌కే పిలిపించుకుంటాం. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

తాకట్టు కాగితాల సంగతి ఒకటి మిగిలింది. డబ్బంతా ముట్టిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు చేతికివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున మాకివ్వాలని 2023 డిసెంబరు 1 నుంచి నియమం. ఆ సొమ్ములో మాత్రం రాజీలు, తగ్గింపులు ఒప్పుకోము.

ఇట్లు,
తమరి దర్శనం వీలైనంత ఆలస్యం కావాలని మొక్కుకునే
బాకీదారులు