బ్యాలెట్ పెట్టె గారి విమాన ప్రయాణం

రాష్ట్రపతి ఎన్నికలో బ్యాలెట్ పెట్టె సామాన్ల గదిలో రాదు. 2022 జూలైలో 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' పేరిట విడిగా టికెట్ తీసి, అధికారి పక్క సీట్లో కూర్చోబెట్టి ఢిల్లీ నుంచి రాష్ట్రాలకు పంపారు. బెల్టు ఎవరు పెట్టారో, ఎయిర్‌హోస్టెస్ 'వెజ్జా, నాన్‌వెజ్జా' అని అడిగిందో లేదో ఎన్నికల కమిషన్ చెప్పలేదు.

పెట్టె గారి మర్యాదకు తగ్గట్టే ఓటరు గారికీ నియమాలున్నాయి. సొంత పెన్ను గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి. కమిషన్ ఇచ్చిన ఊదారంగు సిరా పెన్నుతోనే రాయాలి. ఎమ్మెల్యేకు గులాబీ కాగితం, ఎంపీకి ఆకుపచ్చది. అభ్యర్థి పేరు ఎదురుగా '1' అని అంకె వేయాలి. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు, టిక్కు పెడితే చెల్లదు, సంతకం చేస్తే అసలే చెల్లదు. ఇంత చెప్పినా 53 ఓట్లు మురిగిపోయాయి. అందులో 15 ఎంపీలవి. చట్టాలు రాసే చేతులండీ ఇవి! ఒకటో అంకె దగ్గరే ఆగిపోయాయి.

హైదరాబాద్‌ది ఇంకో రకం ముచ్చట. జూలై 2న ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా దిగితే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బేగంపేట విమానాశ్రయానికి ఎదురెళ్లి, బైకు ర్యాలీతో జలవిహార్‌కు ఊరేగించారు. రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. ఓటున్నది 119 మంది ఎమ్మెల్యేలకూ కొద్దిమంది ఎంపీలకూ. హారన్ కొట్టుకుంటూ పోయిన కుర్రాళ్లలో ఒక్కడికీ ఓటు లేదు, మరి ప్రచారం ఎవరికి? అదే రోజు ప్రధాని మోదీ కూడా నగరంలో దిగారు. ఆయనకు ఎదురెళ్లకపోవడానికి ఒక అతిథి కావాలి కదా, దొరికారు.

ఇక ఆంధ్రా. ఎమ్మెల్యే ఓటు విలువ 159. 1971 జనాభాను 175 సీట్లతో, ఆపైన వెయ్యితో భాగిస్తే వచ్చేది. అప్పట్లో వైసీపీ ఎమ్మెల్యేలు 151 మంది, అంటే 24,009. పైగా ఎంపీలు, ఒక్కొక్కరికి 700. ద్రౌపది ముర్మును నిలబెట్టిన ఎన్డీఏకేమో సగం దాటడానికి కాస్త తక్కువ పడింది. బేరానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా?

ఈ ఎన్నికలో విప్, అంటే పార్టీ ఆదేశం, చెల్లదు, ఓటు రహస్యం, ఎవరి అంతరాత్మ వారిది. 1969లో ఇందిరమ్మ ఆ అంతరాత్మనే తట్టిలేపి, సొంత పార్టీ అభ్యర్థి సంజీవరెడ్డిని ఓడించి, వి.వి. గిరిగారిని గెలిపించింది. ఆ ఏడే కాంగ్రెస్ నిలువునా చీలింది. మన అంతరాత్మలకు అంత ఓపిక లేదు. ఓటేసిన 173 మంది ఆంధ్రా ఎమ్మెల్యేలూ ముర్ము పేరు ఎదురుగానే '1' వేశారు. అసెంబ్లీలో ఒకరి ముఖం ఒకరు చూడని వైసీపీ, టీడీపీ, మంగళగిరిలో ఒకటీ విజయవాడలో ఒకటీ విడివిడిగా సభలు పెట్టి, ఒకే అభ్యర్థికి శాలువాలు కప్పాయి.

ఆదివాసీ మహిళకు ఓటేయడం తప్పని ఎవరన్నారు? కానీ ఆమెను నిలబెట్టిన బీజేపీకి 2019లో ఈ రాష్ట్రంలో ఒక్క ఎమ్మెల్యే సీటు రాలేదు, ఓట్లు నోటాకంటే తక్కువ. ఆ పార్టీకి రాష్ట్రంలోని ఓట్లన్నీ ఊరికే ధారపోశారు! 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నోట వచ్చిన ప్రత్యేక హోదా మాటేమైంది? ఓటు వేసే ముందు ఒక్క కాగితం మీద రాయించుకోలేదేం? సిగ్గులేదా? కిలో టమాటాకు బేరమాడే జనానికి వీళ్లు ప్రతినిధులట!

పోలింగ్ అయ్యాక పెట్టె గారు మళ్లీ టికెట్ మీదే ఢిల్లీ వెళ్లారు. ఆంధ్రా ఎమ్మెల్యేల ఓట్ల విలువ మొత్తం 27,507. రసీదు ఎవరూ అడగలేదు.