వంద రూపాయల పెట్రోల్ కొట్టించుకునేవాడికి లెక్క తెలియదా?

కొన్నాళ్లుగా ఒకే వాట్సాప్ మెసేజ్ తిరిగి తిరిగి నా ఫోన్‌కి వస్తోంది. ముందు చుట్టాల గ్రూపులో, తర్వాత డిగ్రీ స్నేహితుల గ్రూపులో, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. పంపుతున్నవాళ్లు చదువుకున్నవాళ్లు, నేను గౌరవించేవాళ్లు. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్న మా బావగారు కూడా "తప్పక చదవండి" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి మరీ పంపారు. ఇక ఊరుకోలేను.

"వంద రూపాయల పెట్రోల్ బ్యాచ్‌కి కనువిప్పు" అనేది ఆ మెసేజ్ శీర్షిక. అందులో ఏడు పాయింట్లున్నాయి. వంద, రెండొందలు అని అడిగితే బంకులో మోసం చేస్తారు, 110, 210 అని అడగాలి. తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోల్ చిక్కగా ఉండి ఎక్కువ వస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే పెట్రోల్ ఆవిరైపోతుంది. రేటు పెరగకముందే ఫుల్ చేయిస్తే బోలెడు మిగులుతుంది. మాటిమాటికీ బంకుకి వెళ్లడానికే సగం పెట్రోల్ ఖర్చవుతుంది. ఎప్పుడూ రిజర్వులో తిప్పితే బండి పాడవుతుంది. ఆఖరిది, పెద్దక్షరాల్లో: రోజూ వందకి కొట్టించేవాడికి ప్లానింగ్ లేదు, అందుకే వాడు జీవితంలో పైకి రాడు, ఫుల్ ట్యాంక్ అంటే క్రమశిక్షణ.

చిన్నవి ముందు తేల్చేస్తాను.

తెల్లవారుజాము సంగతి. బంకులో పెట్రోల్ ఉండేది భూమి లోపలి ట్యాంకుల్లో. పైన ఎండ మండుతున్నా లోపల ఉదయానికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా రాదు. మాటవరసకి పది డిగ్రీల తేడా వచ్చిందనుకుందాం. పెట్రోల్ వ్యాకోచించేది ఒక్క శాతం అటూ ఇటూగా. వంద రూపాయల మీద ఒక్క రూపాయి. దానికోసం ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఆవిరైపోవడం. పొద్దున వందకి కొట్టించినవాడు సాయంత్రానికల్లా దాన్ని తిప్పేస్తాడు. ఆవిరి కావడానికి అది ట్యాంకులో ఉంటే కదా! పైగా ఇప్పుడొచ్చే బళ్లలో ట్యాంకులో పుట్టే ఆవిరిని పట్టి మళ్లీ ఇంజన్‌కే పంపే ఏర్పాటు ఉంటుంది.

బంకుకి వెళ్లే ఖర్చు. రోజంతా రోడ్డు మీద తిరిగేవాడికి బంకు దారిలోనే తగులుతుంది. ఇది పాయింటే కాదు.

రేటు పెరిగేలోపు ఫుల్ చేయించడం. 2022 మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించింది. ఆ తర్వాత 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గేదాకా హైదరాబాదులో పెట్రోల్ రేటు కదల్లేదు. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఫుల్ ట్యాంక్ చేయించినవాళ్లకి మిగిలింది సున్నా. నిజంగా రేట్లు ఎగబాకింది 2022 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. రెండు వారాల్లో హైదరాబాదులో లీటరుకి సుమారు పదకొండు రూపాయలు పెరిగింది. స్ప్లెండర్ ట్యాంకులో పట్టేది 9.8 లీటర్లు. సరిగ్గా పెంపు మొదలయ్యే ముందు రోజు ఫుల్ చేయించి, పదిహేను రోజులు ఆ ట్యాంకుతోనే సరిపెట్టుకున్నవాడికి కూడా మిగిలింది మహా అయితే వంద రూపాయల చిల్లరే. అదీ ఒక్కసారి. దీన్ని బోలెడు అంటారా?

110 రూపాయల చిట్కా మాత్రం ఇలా కొట్టిపారేసేది కాదు, ఎందుకంటే దీన్ని నమ్మి జనం నిజంగా నష్టపోతున్నారు. బంకులో వంద, రెండొందలు, ఐదొందలు అని బటన్లు ఉండేది మనం ఎక్కువగా అడిగే అంకెలు అవి కాబట్టి. ఆ బటన్ ఎక్కడ ఆపాలో చెబుతుంది, అంతే. పెట్రోల్‌ని కొలిచేది లోపలి యంత్రం. మోసం చేయాలనుకున్నవాడు ఆ కొలిచే చోటే చెయ్యి పెడతాడు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు తెలంగాణ, ఆంధ్ర బంకుల్లో చిప్పులు అమర్చిన ముఠాని పట్టుకున్నారు. మీటరులో లీటరు చూపించి, 970 మిల్లీలీటర్లే పోసేలా చేశారు వాళ్లు. ఆ చిప్పుకి మీరు వంద అడిగారా, నూటపది అడిగారా అన్నది పట్టదు. లీటరు లీటరుకీ 30 మిల్లీలీటర్లు కోసుకుంటూ పోతుంది. నూటపది అడిగితే ఆ పై పది రూపాయల్లోనూ కోస్తుంది. ఆ బంకులో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఫుల్ ట్యాంక్ చేయించినవాడే.

చిప్పు అక్కర్లేని మోసాలూ ఉన్నాయి. ముందువాడికి కొట్టిన అంకెని సున్నా చేయకుండా దాని మీదే మీకు కొట్టడం, మీరు మీటరు వైపు చూడకుండా మాటల్లో పెట్టడం, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టి లెక్క కలగాపులగం చేయడం. వీటన్నిటికీ మందు ఒకటే. బండి దిగి, మీటరులో సున్నా చూసి, పైపు బయటికి తీసేదాకా కళ్లు తిప్పకూడదు. నూటపది అని అడిగేశాను కదా అనే ధీమాతో ఫోన్ చూసుకుంటూ నిలబడేలా చేస్తోంది ఈ మెసేజ్. అనుమానం వస్తే బంకులో సీలు వేసిన ఐదు లీటర్ల కొలత డబ్బా ఉంటుంది, దాంతో మీ ముందే కొలిచి చూపించమని అడగొచ్చు. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా తేడాని చట్టం ఒప్పుకుంటుంది. అంతకుమించి తగ్గితే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయాలి. యాభై రూపాయలకి కొట్టించినవాడికైనా అడిగే హక్కు ఉంది.

ఇక ఆ ఏడో పాయింట్. నాకు కోపం తెప్పించింది ఇదే. మిగతావి చాలావరకు తెలియక రాసినవి. ఇది సాటి మనిషిని చులకన చేస్తూ రాసినది.

వందకి కొట్టించుకునేవాడికి లెక్క తెలియదంటున్నారు కదా, ఆ లెక్కే వేద్దాం. కిరాణా కొట్లో నూనె చిన్న ప్యాకెట్లుగా కొంటే పెద్ద డబ్బా కంటే కిలోకి ఎక్కువ పడుతుంది. చాలా వస్తువుల్లో కొద్దికొద్దిగా కొనేవాడికి ఆ శిక్ష తప్పదు. పెట్రోల్‌లో అది లేదు. వంద రూపాయలకి కొట్టించినా, కారు ట్యాంకు నింపినా లీటరు రేటు ఒకటే. ఎక్కువ కొంటే తగ్గింపు లేదు, తక్కువ కొంటే జరిమానా లేదు. (క్రెడిట్ కార్డుతో నాలుగైదు వందలు దాటి కొట్టిస్తే ఒక శాతం సర్‌చార్జి మాఫీ ఉంటుంది. కార్డు లేనివాడికి ఆ సర్‌చార్జే లేదు.) కొద్దిగా కొనడం వల్ల పైసా నష్టం లేని సరుకుని ఒకేసారి వెయ్యి రూపాయలు పోసి ఎందుకు కొనాలి? ఈ ప్రశ్నకి మెసేజ్ రాసినాయన దగ్గర జవాబు ఉందా?

ఆ వెయ్యి ఎవరికి ఎంతో చూడండి. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాదులో లీటరు 107 రూపాయల పైన ఉండేది. ఆ రేటున స్ప్లెండర్ ఫుల్ ట్యాంక్ అంటే వెయ్యీ యాభై. నెల జీతం ఒకటో తారీకున బ్యాంకులో పడేవాళ్లకి అది ఒక ఎస్ఎంఎస్. కూరగాయల బండివాడికి అది రేపటి పెట్టుబడిలో సగం. ఆ డబ్బుతో పొద్దున బోయిన్‌పల్లి మార్కెట్లో సరుకు కొని సాయంత్రానికి అమ్మితే కొంత లాభంతో తిరిగి చేతికొస్తుంది. మర్నాడు మళ్లీ అదే డబ్బు తిరుగుతుంది. ట్యాంకులో పోస్తే పది రోజులు అక్కడే పడి ఉంటుంది.

పెట్టుబడి తగ్గితే ఏం చేస్తాడు? రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళతాడు. పదివేలు అప్పంటే చేతికిచ్చేది తొమ్మిది వేలు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మన ఊళ్లలో మామూలుగా నడిచే పద్ధతి ఇది. ఏడాది లెక్కన చూస్తే ఆ వడ్డీ 70 శాతం పైమాటే. ఇలాంటి వడ్డీ మీద బతికే మనిషి తన చేతిలో ఉన్న వెయ్యిని పది రోజులు ట్యాంకులో నిద్రపుచ్చాలట, అది క్రమశిక్షణట! అలా చేయకపోవడమే అసలైన ప్లానింగ్ అని మీకు ఎందుకు తోచలేదు?

అద్దె ఆటో నడిపే అన్నని అడగండి. బండి ఓనరుది. రాత్రికి తిరిగి అప్పగించాలి. మర్నాడు ఇంకొకరు తీసుకెళతారు. ఎల్‌పీజీ అయినా, డీజిల్ అయినా, రాత్రి ట్యాంకులో మిగిలిందంతా పక్కవాడికి దానం. అందుకే ఆ రోజు తిరిగేంతే పోయిస్తాడు. లేబర్ అడ్డా మీద నిలబడే మేస్త్రీకి ఆ రోజు పని దొరుకుతుందో లేదో తొమ్మిది గంటలకి గానీ తెలియదు. పని దొరికితే బండి పాతిక కిలోమీటర్లు పోవాలి, దొరక్కపోతే ఇంటికి రావాలి. ముందు రోజు రాత్రే ఆయన ఎంతకని కొట్టించాలి? డెలివరీ చేసే కుర్రాళ్లకి చాలా యాప్‌లు డబ్బు వేసేది వారానికోసారి. వారం చివరికి వచ్చేసరికి జేబులో ఉన్న రెండొందల్లోనే భోజనం, పెట్రోల్, ఫోన్ రీఛార్జి. ఇంట్లో ఒకే బండిని అన్నదమ్ములు ముగ్గురు నడిపే చోట, అన్న ఫుల్ చేయిస్తే తమ్ముళ్లు తిప్పి ఖాళీ చేస్తారు. ఎవరి అవసరానికి వాళ్లే కొట్టించుకోవడం అక్కడ ఇంటి ఒప్పందం. గేటు లేని వీధుల్లో బళ్లు బయట పెట్టుకునేవాళ్లకి ఇంకో భయం. రాత్రిపూట పైపు లాగి పెట్రోల్ తీసుకుపోతారు. సెల్లార్‌లో, వాచ్‌మన్ కాపలాలో బండి పెట్టుకునేవాళ్లకి ఇది తట్టదు.

అన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. రాత్రి పదింటికి పిల్లకి జ్వరం వస్తే జేబులో ఉన్న ఐదొందలు మందులు కొంటాయి. ట్యాంకులో ఉన్న ఐదొందలు కొనవు. పెట్రోల్ వెనక్కి తీసుకుని డబ్బులిచ్చే బంకు ఎక్కడా లేదు. దాచుకోవడానికి వేరే డబ్బు లేనివాడికి జేబులో నోటే ఇన్సూరెన్సు. దాన్ని విడగొట్టి, ఈ రోజుకి ఎంత అవసరమో అంతే ఖర్చుపెట్టడానికి ఎంత లెక్క కావాలో, ఎంత నిగ్రహం కావాలో ఆ మెసేజ్ రాసినవాళ్లు ఒక్క వారం అలా బతికి చూస్తే తెలుస్తుంది. వాళ్లు పైకి రాకపోవడానికి కారణం పెట్రోల్ కాదు, వచ్చే డబ్బు చాలకపోవడం. దాన్ని తీసుకెళ్లి మనిషి గుణం మీద రుద్దడం అన్యాయం. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ మెసేజ్‌కి నవ్వుల బొమ్మలు పెట్టినవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. మన ఇంటికి పాలు తెచ్చే అబ్బాయి, మన పిల్లల్ని బడికి దింపే ఆటో అన్న, మన ఇంట్లో పనిచేసే అమ్మ భర్త, వీళ్లంతా ఆ బ్యాచే.

ఇంత చెప్పాక, ఎప్పుడూ రిజర్వులో తిప్పకూడదన్న ఆరో పాయింట్ దగ్గర మాత్రం ఆ మెసేజ్‌దే ఒప్పు అని ఒప్పుకుంటున్నాను. పాత కార్బురేటర్ బళ్లలో రిజర్వు పడితే నాబ్ తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లం, దానివల్ల పెద్దగా ఏమీ అయ్యేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (బళ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటోంది. అది కరెంటుతో తిరుగుతుంది, వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో తిప్పితే పంపు త్వరగా పోతుంది. మార్చాలంటే వేలల్లో ఖర్చు. కొద్దికొద్దిగా కొట్టించుకునేవాళ్లకి ఇది నిజమైన దెబ్బ, అదీ భరించలేనివాళ్లకే తగిలే దెబ్బ. దీన్ని అరలైనులో చెప్పి వదిలేసి, మిగతా చెత్తంతా పేజీ నిండా రాశారు.

దీనికి ఫుల్ ట్యాంక్ అక్కర్లేదు. కాస్త డబ్బు చేతిలో ఉన్న రోజున ఒక్కసారి రెండు వందలకి అదనంగా కొట్టించి, దాన్ని ముట్టుకోకుండా, పైన రోజూ వందకే కొట్టించుకుంటే చాలు. రిజర్వు లైటు వెలిగేదాకా రాకూడదు, అంతే. ఇంకో జాగ్రత్త, పల్లెల్లో ఉన్నవాళ్లకి. కొట్లో సీసాల్లో అమ్మే పెట్రోల్‌కి బంకు కంటే ఎక్కువ తీసుకుంటారు, అందులో ఏం కలిసిందో తెలియదు, ఇళ్ల మధ్యలో నిలవ పెట్టడం ప్రమాదం కూడా. కొద్దికొద్దిగా కొనడంలో నిజంగా డబ్బు పోయేది అక్కడే. వారానికోసారి బంకు మీదుగా వెళ్లే పని ఉంటే ఆ రోజున కొంచెం ఎక్కువ పోయించుకోవడం మేలు.

బావగారూ, మీకు మెసేజ్ పంపాలనే ఉంటే ఆ ఏడింటిలో ఆరోది ఒక్కటి ఉంచి, బీఎస్-6 పంపు సంగతి రెండు లైన్లు రాసి పంపండి. కింద మీటరులో సున్నా చూసుకోవాలని, ఐదు లీటర్ల డబ్బా అడగొచ్చని, కొలత తగ్గితే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 అని చేర్చండి. అది నేనూ అన్ని గ్రూపుల్లో పెడతాను.