వెనక్కొచ్చే దారి చూసుకోకుండా అప్‌గ్రేడా?

2012 జూన్ 17, ఆదివారం. బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్ (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్) గ్రూపులో, రాత్రిపూట ఖాతాల లెక్కలు సరిచేసే బ్యాచ్ జాబుల్ని (మూకుమ్మడిగా నడిచే ప్రోగ్రాముల్ని) వరసగా నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, అంటే షెడ్యూలర్‌ని, అప్‌గ్రేడ్ చేశారు. ఏదో తేడా కొడుతోందని గమనించారు, సరే తీసేసి పాత వెర్షన్‌కి వెళ్లిపోదాం అనుకున్నారు, వెళ్లిపోయారు. అలా వెనక్కి వెళ్తే ఏమవుతుందో మాత్రం ముందు టెస్ట్ చేసి చూసుకోలేదు. పాత వెర్షన్‌కీ కొత్తదానికీ పొసగలేదు, బ్యాచ్ చిక్కుపడిపోయింది. 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు, అదే గ్రూపులోని అల్‌స్టర్ బ్యాంకు వాళ్లకైతే ఆ బాధ వారాల తరబడి సాగింది. 2014 నవంబరులో అక్కడి రెండు రెగ్యులేటరీ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

ఈ సంగతి మనకెందుకంటే, అప్పట్లో వేళ్లన్నీ ముందు ఇండియా వైపు, అందులోనూ హైదరాబాద్ వైపు లేచాయి. ఆ షెడ్యూలర్ తెలిసినవాళ్లు కావాలంటూ హైదరాబాద్‌లో ఇచ్చిన ఉద్యోగ ప్రకటనని చూపించి మరీ పత్రికలు రాశాయి. తర్వాత బ్యాంకు సీఈఓ స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి రాసిన ఉత్తరంలో, ఆ సిస్టమ్స్‌ని చూసుకునేది ఎడిన్‌బరోలోని తమ టీమేనని చెప్పారు. నాకు ఆ నింద ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, కానీ అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, తప్పు ఏ ఊళ్లో జరిగిందనే గొడవలో అసలు పాఠం పక్కకి పోయింది. అప్‌గ్రేడ్ చేసినందుకు బ్యాంకు పడిపోలేదు. వెనక్కొచ్చే దారి ఒకసారి కూడా నడిచి చూసుకోనందుకు పడింది.

ఇలాంటి బ్యాంకుల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్‌ని మెయిన్‌ఫ్రేమ్ అంటారు. ఆ పేరు అనగానే "ఆ పాత సామాను ఇంకా ఉందా" అని అడిగేవాళ్లు చాలామంది. ఐబీఎం 1964 ఏప్రిల్‌లో తన మెయిన్‌ఫ్రేమ్‌ల వరస సిస్టమ్/360ని ప్రకటించింది. అపోలో రాకెట్ విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఐఎంఎస్ డేటాబేస్ 1968లో పని మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. మెయిన్‌ఫ్రేమ్‌ల మీద నడిచే మరో డేటాబేస్ డీబీ2ని 1983లో ప్రకటించారు. పుట్టిన తేదీలు పాతవే, నిజం, కానీ డీబీ2 వెర్షన్ 13 వచ్చింది 2022 మే నెలలో. పాతబడేది ఆ సాఫ్ట్‌వేర్ కాదండీ, దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోకుండా పెట్టుకున్న సైట్లు, అంటే దాన్ని నడిపే సంస్థలు.

ముట్టుకోకపోతే ఏమవుతుందో ఒక్కటి చెప్తాను. డీబీ2 తన లాగ్‌లో (మార్పుల చిట్టాలో) రాసే ప్రతి మార్పుకీ ఆర్‌బీఏ అని ఒక అడ్రస్ ఉంటుంది. డీబీ2 11కి ముందు అది 6 బైట్ల సంఖ్య. అంటే 256 టెరాబైట్ల లాగ్ రాశాక ఆ అంకెలు అయిపోతాయి. ఒకప్పుడు ఎవరూ అక్కడిదాకా రారనుకున్నారు, కొన్ని పెద్ద సైట్లు వచ్చేశాయి. 11లో దాన్ని 10 బైట్లకి పెంచారు. కానీ వెర్షన్ మార్చినంత మాత్రాన సరిపోదు, టేబుల్ స్పేస్‌లని (టేబుళ్ల డేటా ఉండే చోట్లని) రీఆర్గ్ చేసి, అంటే తిరగరాసి, కొత్త ఫార్మాట్‌కి మార్చుకోవాలి, వేల కొద్దీ ఉంటే నెలల పని. రోజూ బండి నడిచిపోతూనే ఉంటుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ కనపడదు, మీటింగ్‌లో "ఇప్పుడేం అర్జెంటు" అంటారు, అర్జెంటు అయ్యేనాటికి చేతిలో టైమ్ ఉండదు. పైగా డీబీ2లో వెర్షన్లని మనిష్టం వచ్చినట్టు దాటేయడం కుదరదు. 5 నుంచి 7కి, 8 నుంచి 10కి నేరుగా వెళ్లనిచ్చారు, మిగతా చోట్ల మెట్టు తర్వాత మెట్టు ఎక్కాల్సిందే. నాలుగేళ్లు వాయిదా వేస్తే ఒక్క అప్‌గ్రేడ్‌తో పోదు, రెండు అప్‌గ్రేడ్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి.

నేను చూసిన ఒక ఆదివారం గురించి చెప్పాలి. అమెరికాలో ఒక క్లయింట్, పేరు వద్దు. వాళ్ల శనివారం రాత్రి పదకొండు అంటే మనకి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర, ఇంట్లో ఇడ్లీ పెట్టిన ప్లేటు పక్కన పెట్టుకుని బ్రిడ్జ్ కాల్‌లో (అందరూ కలిసే ఫోన్ కాల్‌లో) కూర్చున్నాం. కొత్త డీబీ2 వెర్షన్‌కి మైగ్రేషన్ సాఫీగా అయిపోయింది. తర్వాత ప్యాకేజీలన్నీ, అంటే ప్రోగ్రామ్‌ల క్వెరీలకి డీబీ2 వేసుకున్న దారులన్నీ, ఒకేసారి రీబైండ్ చేశారు. రీబైండ్ అంటే, ప్రోగ్రామ్‌లోని క్వెరీకి డేటా దగ్గరికి ఏ దారిలో వెళ్లాలో డీబీ2 మళ్లీ మొదట్నుంచి నిర్ణయించుకుంటుంది. పన్నెండింటికి మొదలై పన్నెండున్నరకల్లా ముగియాల్సిన వడ్డీ లెక్కల జాబ్ ఒంటిగంటన్నరైనా కదలట్లేదు. ఎక్స్‌ప్లెయిన్ (డీబీ2 ఎంచుకున్న దారిని చూపించే రిపోర్టు) తీసి చూస్తే, నిన్నటిదాకా ఇండెక్స్ పట్టుకుని సూటిగా వెళ్లిన క్వెరీ ఇప్పుడు టేబుల్ మొత్తాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతోంది. టేబుళ్ల సైజు వగైరా చెప్పే స్టాటిస్టిక్స్ ఎప్పటివో పాతవి, వాటిని చూసి, దారి ఎంచుకునే ఆప్టిమైజర్ ఆ టేబుల్ చిన్నదనుకుంది.

మామూలుగా అయితే దీనికి మందు ఒక్క కమాండు. పాత దారిని డీబీ2 దాచిపెట్టుకునే సౌకర్యం డీబీ2 9 కాలం నుంచే ఉంది, రీబైండ్ స్విచ్ కొడితే నిమిషాల్లో నిన్నటి దారికి వచ్చేస్తాం. అక్కడ స్థలం ఆదా అవుతుందని ఎప్పుడో ఆ సౌకర్యాన్ని ఆఫ్ చేసి పెట్టారు. దాచిన పాత దారి లేదు! జాబ్ క్యాన్సిల్ చేశాం, స్టాటిస్టిక్స్ కొత్తగా తీసే రన్‌స్టాట్స్ నడిపాం, మళ్లీ రీబైండ్ చేశాం, మళ్లీ మొదలుపెట్టాం. ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషెవరో వెయ్యి రికార్డులకోసారి కమిట్ (అప్పటిదాకా చేసినదాన్ని ఖాయం చేసే కమాండు) పెట్టాడు కాబట్టి ఆగిన చోటు నుంచి అందుకున్నాం, లేకపోతే చేసిన మార్పులన్నీ వెనక్కి తీయడానికే గంటలు పట్టేది. మన టైమ్ మధ్యాహ్నం మూడున్నరకి తెరవాల్సిన ఆన్‌లైన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) నలభై నిమిషాలు ఆలస్యంగా తెరిచారు. ఆ నలభై నిమిషాల టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఐబీఎం కూడా ఈ విషయంలో దారి మార్చుకుంది. డీబీ2 12 నుంచి కొత్త ఫీచర్లని ఫంక్షన్ లెవెల్స్ పేరుతో విడతలు విడతలుగా ఇస్తోంది. 13కి మారినా మొదటి లెవెల్ 100లో ఉన్నంతకాలం 12కి వెనక్కి వెళ్లొచ్చు, 500 యాక్టివేట్ చేశాకే ఆ తలుపు మూసుకుంటుంది. డేటా షేరింగ్ (ఒకే డేటాని పలు డీబీ2లు పంచుకునే ఏర్పాటు) ఉన్నచోట ఒక్కో మెంబర్ డీబీ2ని దించి, మెయింటెనెన్స్ వేసి, మళ్లీ ఎత్తుకుంటూ పోవచ్చు, కస్టమర్‌కి తెలియనే తెలియదు. ఇంత చక్కటి వెసులుబాటు చేతిలో ఉన్నా ఏడాదికోసారి కూడా పీటీఎఫ్‌లు (ఐబీఎం పంపే సవరణలు) వేయని సైట్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

మరి మొత్తం వదిలేసి కొత్త ప్లాట్‌ఫామ్‌కి పోతే సరిపోదా? పోవచ్చు, పోయినవాళ్లు ఉన్నారు. కానీ 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోనే టీఎస్‌బీ బ్యాంకు ఏం చేసిందో చూడాలి. లాయిడ్స్ సిస్టమ్ నుంచి తన అప్పటి మాతృసంస్థ సబాడెల్ కట్టించిన ప్లాట్‌ఫామ్‌కి ఒక్క వారాంతంలో ఖాతాలన్నీ తరలించింది. డేటా క్షేమంగా చేరింది, ప్లాట్‌ఫామే కూలబడింది. అంతా మామూలు అవడానికి డిసెంబరు దాకా పట్టింది, జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. పాతదాన్ని అప్‌గ్రేడ్ చేసినా, దాన్ని వదిలి కొత్తదానికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: రేపు పొద్దున తేడా వస్తే నిన్నటి స్థితికి ఎలా వస్తాం, ఎంతసేపట్లో వస్తాం?

ఆ ప్రశ్నకి జవాబు మనుషుల దగ్గర ఉంటుంది. వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) రోజుల్లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ పనికి కావాల్సిన కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్చుకుని వెళ్లినవాళ్లకి ఇప్పుడు యాభై దాటుతోంది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసిన వాలంటీర్లు కావాలని ప్రెస్ మీట్‌లో అడగాల్సి వచ్చింది. ఆ పరిస్థితి వచ్చాక అడగడం కాదు, ఇప్పుడే ప్రతి అప్‌గ్రేడ్ విండోలో ఒక సీనియర్ పక్కన ఇద్దరు కొత్త పిల్లల్ని కూర్చోబెట్టాలి. టెస్ట్ ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో పరీక్షలకి కేటాయించిన భాగంలో) వాళ్ల చేత మైగ్రేషన్ చేయించి, పూర్తయ్యాక దాన్ని వాళ్ల చేతే వెనక్కి తీయించాలి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుని, ఆ అంకెని ఛేంజ్ టికెట్‌లో (మార్పుకి అనుమతి కోరే ఫారంలో) మొదటి లైన్‌లో పెట్టమనాలి. అది ఖాళీగా ఉన్న టికెట్ మీద, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్లు) అప్రూవల్ ఇవ్వకూడదు.