భయానికి మందు రేషన్ కోతా?

పిల్లలకు టీకా వేయించకపోతే రేషన్ ఆపేస్తామన్న బెదిరింపులు మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దు ఊళ్లలో మళ్లీ చెవిన పడుతున్నాయి. ఉత్తర్వు లేదు, అంతా నోటిమాటే. 2021 నవంబరులో నాటి ఔరంగాబాద్ కలెక్టర్ ఒక్క కోవిడ్ డోసైనా వేసుకోనివారికి రేషన్, గ్యాస్, పెట్రోలు ఇవ్వొద్దని ఏకంగా ఉత్తర్వే ఇచ్చారు. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని 2022 మే 2న సుప్రీంకోర్టు తేల్చి చెప్పినా ఆ అలవాటు పోలేదు.

తట్టు ప్రబలితే పోయేది పసిప్రాణాలేనని అధికారులంటారు. నిజమే, 2022లో ముంబయి, మాలేగావ్ చూశాం. అయితే బియ్యం ఆపితే భయం పోతుందా? ‘ఇంత బలవంతం దేనికి, ఏదో ఉంది’ అన్న అనుమానానికి బెదిరింపే సాక్ష్యమవుతుంది.

సూదితో పిల్లలు పుట్టరన్న పుకారు గాల్లోంచి ఊడిపడలేదు. ఎమర్జెన్సీనాటి కుటుంబ నియంత్రణ శిబిరాలను పెద్దలు మరచిపోలేదు. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆపై జరిగిన కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, ఆ సంతకాల తప్పును పార్లమెంటరీ సంఘం 2013లో ఎత్తిచూపింది. 2021 జనవరి 31న మన పొరుగు యవత్‌మాల్ జిల్లాలో పన్నెండు మంది పిల్లలకు పోలియో చుక్కలకు బదులు శానిటైజర్ పోశారు. ఆపై టీకాకూ పార్టీ రంగు పులిమిన నాయకులు! అబద్ధాన్ని నమ్మేవారిని తిట్టేముందు దానికి ఎరువు వేసిందెవరో చూసుకోవాలి.

ఇక తల్లి సంగతి. అయిదు జబ్బులకు కలిపి పసిపిల్లలకు వేసే పెంటావాలెంట్ సూదిలోని కోరింత దగ్గు మందు వల్ల ఆ రాత్రే ఒళ్లు కాలుతుంది, తొడ వాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తట్టు టీకా జ్వరమైతే వారం, పది రోజులకు వస్తుంది. ముందే చెప్పకపోతే ఆమె ఏమనుకోవాలి? తానే దగ్గరుండి వేయించిన సూదికి బిడ్డ విలవిల్లాడితే తప్పు తనమీదే వేసుకుంటుంది. ఎవరో కుట్ర చేశారంటే ఆ బరువు దిగుతుంది. వాట్సాప్ ఆ మాట తెలుగులో చెబుతోంది. మహారాష్ట్రలోని సిరోంచ, కిన్వట్ తెలుగిళ్లకు ఆరోగ్యశాఖ వివరణ మాత్రం మరాఠీలోనే అందుతోంది.

టీకా వేశాక అరగంట కూర్చోబెట్టి ఏ టీకా వేశారో, ఏ ఇబ్బంది రావచ్చో, వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాలన్నది శాఖ నియమమే. పొడిలో ద్రవం కలిపి సిద్ధం చేసిన తట్టు మందును నాలుగు గంటలు దాటితే పారేయాలి. వాడితే క్రిములు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. సీసా మీద వేడి తగిలితే రంగు మారే గుర్తు ఉంటుంది; అందులో గుండ్రంలోని చదరం గుండ్రమంత నల్లబడినా ఆ మందు పనికిరాదు. ఇవి తల్లులకు చూపిస్తే ఏం పోతుంది? చూపించరు. రేషన్ కార్డు మాత్రం అడుగుతారు!

ఆ నోటిమాట ఎవరిదో తహసీల్దార్లు వెంటనే తేల్చాలి. బియ్యానికీ టీకాకూ సంబంధం లేదని ప్రతి చౌకధరల దుకాణం గోడమీదా మరాఠీలో, తెలుగులో రాయించాలి. ఇంతకాలం ఆ ఒక్క ముక్క రాయించలేని యంత్రాంగానికి జనం మూర్ఖులని అనే అర్హత లేదు.