మొదటి సగం ఎక్కడ పోతోంది?

నిన్న రాత్రి, 2024 నవంబర్ 29న, మన జార్జియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జార్జియా టెక్ మీద గెలిచింది. 44-42, ఎనిమిది ఓవర్‌టైమ్‌లు (స్కోరు సమమైతే ఆడే అదనపు రౌండ్లు). పొద్దున్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది. "ఏం మ్యాచ్ రా బాబూ", "జన్మలో మర్చిపోలేం" అని మెసేజ్‌లు. నిజమే, నేనూ మర్చిపోలేను. కానీ రాత్రంతా నా కళ్ళ ముందు తిరిగింది ఆఖరి స్కోరు కాదు, హాఫ్‌టైమ్ స్కోరు. జార్జియా టెక్ 17, జార్జియా సున్నా. ఏథెన్స్‌లో, మన సాన్‌ఫర్డ్ స్టేడియంలో, తొంభై మూడు వేల మంది ముందు, ముప్ఫై నిమిషాల ఆటలో మన ఆఫెన్స్ (బంతితో దాడి చేసే దళం) ఒక్క పాయింట్ కూడా చెయ్యలేదు.

ఇది ఒక్క రాత్రి సంగతైతే నేనూ సంబరం చేసుకుని ఊరుకునేవాణ్ణి. ఆగస్టు 31 నుంచి ఇదే వరస. అట్లాంటాలో క్లెమ్సన్‌ని 34-3తో చిత్తు చేశామని చెప్పుకుంటాం కదా, ఆ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కి మన స్కోరు ఆరు. రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నితే మూడేసి పాయింట్లు), అంతే. సెప్టెంబర్ 14న లెక్సింగ్టన్‌లో కెంటకీ మీద 13-12తో బయటపడ్డాం. కెంటకీ ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) కూడా చెయ్యలేదు, నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టి ఆఖరి దాకా మనల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. మన ఒకే ఒక్క టచ్‌డౌన్ నాలుగో క్వార్టర్‌లో వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకి టస్కలూసా. అక్కడ అలబామా 28-0కి వెళ్ళిపోయేదాకా మనవాళ్ళు కళ్ళు తెరవలేదు.

ఆ అలబామా మ్యాచ్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా బాధంతా అందులోనే ఉంది. హాఫ్‌టైమ్‌కి 30-7. మా ఇంటికి వచ్చిన ఇద్దరు స్నేహితులు బిర్యానీ తినేసి వెళ్ళిపోయారు. నేనూ మా అబ్బాయీ మిగిలాం. ఇక అక్కణ్ణుంచి మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) కార్సన్ బెక్ ఆడిన ఆట చూడాలి. బంతి చేతికి రావడం, రెండు క్షణాల్లో వదిలెయ్యడం. హడిల్ (గుమిగూడి మాట్లాడుకోవడం) లేదు, గడియారం వైపు చూడటం లేదు. గజం గజం కొలిచినట్టు జట్టుని తీసుకెళ్ళాడు. ఆఖరికి డిలన్ బెల్‌కి 67 గజాల టచ్‌డౌన్, 34-33, మనం ముందు! మా అబ్బాయి సోఫా మీంచి దూకాడు. ఇంకా రెండున్నర నిమిషాలుంది. మరుసటి ఆటలోనే రయన్ విలియమ్స్, పదిహేడేళ్ళ కుర్రాడు, మన డిఫెన్స్‌వాళ్ళు ఇద్దరి మధ్యలోంచి బంతి అందుకుని 75 గజాలు పరిగెత్తాడు. ఆఖరి నిమిషంలో ఎండ్ జోన్‌లో (చివరి గీత అవతల) బెక్ ఇంటర్‌సెప్షన్, అంటే వేసిన పాస్ అవతలివాళ్ళు పట్టేశారు. 41-34. వరసగా 42 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు గెలిచిన పరంపర అక్కడ తెగింది.

ఆ రోజు చాలామంది ఆ 75 గజాల ఆటని తిట్టుకున్నారు. నేను మొదటి ఇరవై నిమిషాల్ని తిట్టుకున్నాను. బెక్ ఆ రోజు 439 గజాలు విసిరాడు. అంత విసరగలిగినవాడు మొదటి క్వార్టర్‌లో ఏమయ్యాడు? అదే చెయ్యి, ముందు నిలబడి కాసే అదే లైన్, అవే ప్లేలు (ముందే అనుకున్న ఎత్తులు). 28 పాయింట్లు వెనకబడితేగానీ అవి బయటికి రావా?

అమెరికన్ ఫుట్‌బాల్ చూడని మనవాళ్ళ కోసం ఒక్క మాట. ఆఫెన్స్‌కి పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు, అంటే డౌన్‌లు, ఉంటాయి. మూడింట్లో దాటకపోతే మామూలుగా నాలుగోసారి బంతిని అవతలికి తన్నేస్తారు, దాన్నే పంట్ అంటారు. మన మొదటి సగం ఎలా ఉంటుందంటే, మొదటి డౌన్‌లో మధ్యలోంచి పరుగు, ఒక గజం. రెండో డౌన్‌లో పక్కకి చిన్న పాస్, రెండు గజాలు. మూడో డౌన్‌కి ఏడు గజాలు కావాలి, అవతలి డిఫెన్స్‌కి పాసే వస్తుందని తెలుసు, అందరూ మీదపడతారు. పంట్. మన డిఫెన్స్ మంచినీళ్ళు తాగేలోపు మళ్ళీ మైదానంలోకి.

మా నాన్న సెప్టెంబర్‌లో గుంటూరు నుంచి వచ్చారు. కుర్రతనంలో ఊళ్ళో కబడ్డీ ఆడిన మనిషి, ఇప్పటికీ ప్రో కబడ్డీ ఒక్క మ్యాచ్ వదలరు. మొదట్లో ఈ ఆట ఆయనకి ఎక్కలేదు. మనవడు పక్కన కూర్చుని డౌన్‌లు చెబుతుంటే ఫ్లోరిడా మ్యాచ్ నాటికి పట్టు దొరికింది. ఆ రోజు జాక్సన్‌విల్‌లో హాఫ్‌టైమ్‌కి 13-6తో వెనక ఉన్నాం. ఆయన అన్నారు: "ఒరే, వీళ్ళు ఖాళీ రెయిడ్లు చేస్తున్నార్రా. గీత ముట్టుకుని వెనక్కొచ్చేస్తున్నారు. డూ ఆర్ డై వస్తేగానీ కూత పెట్టట్లేదు." నేను పన్నెండేళ్ళుగా ఈ జట్టుని చూస్తున్నాను, ఇంత సూటిగా నాకెప్పుడూ మాట దొరకలేదు. కబడ్డీలో వరసగా రెండు ఖాళీ రెయిడ్లు పోతే మూడో రెయిడ్‌లో పాయింట్ తేవాలి, తేలేకపోతే రెయిడర్ అవుట్. ప్రాణం మీదకొస్తుంది కాబట్టి వాడు అప్పుడు తెగించి లోపలికి వెళ్తాడు. మన ఆఫెన్స్ ఆ మూడో రెయిడ్ కోసమే కాచుక్కూర్చున్నట్టుంది.

ఆ మ్యాచ్ 34-20తో గెలిచాం. నాలుగో క్వార్టర్‌లో 20-20 మీద ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. బెక్‌ది జాక్సన్‌విల్లే, సొంతూళ్ళో మూడు ఇంటర్‌సెప్షన్లు. అలబామా నుంచి ఓల్ మిస్ దాకా ఆరు మ్యాచ్‌ల్లో మొత్తం పన్నెండు. కిందటేడాది సీజన్ మొత్తానికి ఆరే.

ఈ లెక్క చూపించి ఆ కుర్రాణ్ణి ఆన్‌లైన్‌లో తిడుతున్న తిట్లు చదివితే నాకు కడుపు రగిలిపోతుంది. మునుపటి క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెన్నెట్ వెనక బెంచీ మీద ఏళ్ళ తరబడి కూర్చున్నాడు, వేరే కాలేజీకి పోలేదు. 2023లో అవకాశం వస్తే 13-1 తెచ్చిపెట్టాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళగలిగీ ఈ ఏడు మళ్ళీ వచ్చాడు. మరి ఏం మారింది? పాస్‌లు పట్టే బ్రాక్ బవర్స్ ఎన్ఎఫ్ఎల్ జట్టు రెయిడర్స్‌కి వెళ్ళిపోయాడు, లాడ్ మెకాంకీ చార్జర్స్‌కి. మూడో డౌన్‌లో ఇబ్బంది వస్తే కళ్ళు మూసుకుని ఆ ఇద్దరిలో ఒకరి వైపు వేసేవాడు, వాళ్ళు పట్టేవాళ్ళు. ఇప్పుడున్నవాళ్ళలో వేగానికి లోటు లేదు, ఏరియన్ స్మిత్ పరిగెడితే పట్టుకునేవాడు లేడు. కానీ చేతుల్లో పడ్డ బంతులు ఎన్ని నేలపాలయ్యాయో ఈ సీజన్ చూసినవాళ్ళందరికీ తెలుసు. కెంటకీలో లైన్ ఆటగాడు టేట్ రాట్లెడ్జ్ చీలమండకి దెబ్బ తగిలింది, బంతితో పరిగెత్తే ట్రెవర్ ఈటియన్‌కి పక్కటెముకల నొప్పి. పరుగు ఆట నిలబడకపోతే అవతలివాళ్ళు బెక్ మీదకే వస్తారు. వస్తే వాడు సందు లేనిచోట కూడా పాస్ దూర్చాలని చూస్తాడు. ఇంటర్‌సెప్షన్ అక్కడ పుడుతుంది.

"బోబోని పీకెయ్యండి" అని మన ఆఫెన్స్ కోచ్ మైక్ బోబో మీద విరుచుకుపడేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నేను 2012లో ఏథెన్స్‌కి ఎంఎస్‌కి వచ్చినప్పుడు కోచ్ మార్క్ రిక్ట్, ఆఫెన్స్ నడిపేది ఈ మైక్ బోబోనే. ఆ డిసెంబర్‌లో అలబామాతో ఎస్ఈసీ (మన కాలేజీ జట్ల లీగ్) ఫైనల్‌ని అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో చాప మీద కూర్చుని నలుగురు తెలుగు కుర్రాళ్ళం చూశాం. 32-28తో ఓడాం, గడియారం అయిపోయేసరికి బంతి ఐదు గజాల దగ్గర ఉంది. ఆ ఐదు గజాలే నన్ను ఈ జట్టుకి కట్టేశాయి. ఆఖరి డ్రైవ్‌లో (బంతి దక్కాక ముందుకి సాగే ఆటల వరసలో) అప్పటి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ మర్రీ చేత అంత ఎత్తున ఆడించింది బోబోనే. కాబట్టి ఆయనకి ఆట రాదని నేననను. ఆయన మొదటి డ్రైవ్‌కి రాసుకొచ్చే కాగితం మీదే నా కోపం. ముందు జాగ్రత్తగా ఆడదాం, డిఫెన్స్ కాస్తుంది, తర్వాత చూద్దాం అన్న ధోరణి. హెడ్ కోచ్ కర్బీ స్మార్ట్ స్వతహాగా డిఫెన్స్ మనిషి, ఆయనకీ అది నచ్చే పద్ధతే. 2021లో ఆ డిఫెన్స్ ఉన్నప్పుడు అది చెల్లింది. మిసిసిపీ స్టేట్ మన మీద 31 పాయింట్లు కొట్టిన ఏడాదిలో చెల్లదు.

పెద్దవాళ్ళు కొందరు నాకు నచ్చచెబుతుంటారు. 1980 తర్వాత మళ్ళీ చాంపియన్లం కావడానికి 41 ఏళ్ళు పట్టింది, రెండు టైటిళ్ళు వరసగా చూశావు, 10-2లో ఉన్నాం, ఇంకా ఏడుపెందుకు అని. ఆ 41 ఏళ్ళు మోసినవాళ్ళ మాటకి నాకు గౌరవం ఉంది. జాతీయ ఫైనల్లో టీసీయూ జట్టుని 65-7తో ఓడించిన రాత్రి నేనూ ఏడ్చాను, ఆనందంతో. ఆ రోజు మన జట్టు మొదటి స్నాప్ (బంతి కదిలిన క్షణం) నుంచీ మీదపడింది కదా! అదే కావాలంటున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో వరసగా 31 గెలిచాం. టస్కలూసాలో ఓడాం, ఆక్స్‌ఫర్డ్‌లో ఓల్ మిస్ చేతిలో 28-10తో చావుదెబ్బ తిన్నాం. ఆ వర్షంలో మొదటి టచ్‌డౌన్ తర్వాత మూడంటే మూడు పాయింట్లు.

అందరూ ఆస్టిన్ మ్యాచ్ గుర్తుచేస్తారు. టెక్సస్ అప్పుడు నంబర్ వన్, వాళ్ళ గడ్డ మీద హాఫ్‌టైమ్‌కి 23-0, మొత్తం 30-15. అవును, మొదటి సగం ఆడిన రోజు అది. కానీ బంతిని మళ్ళీ మళ్ళీ వాళ్ళ దగ్గర లాక్కుని, చేతికి అందించినట్టు ఇచ్చింది డిఫెన్స్. బెక్‌కి ఆ రోజూ మూడు ఇంటర్‌సెప్షన్లే, టచ్‌డౌన్ పాస్ ఒక్కటి లేదు. ఒక వారం 459 గజాలు, మరుసటి వారం ఇది. ఏ శనివారం ఏ ఆఫెన్స్ వస్తుందో తెలియక కడుపులో రాయి పెట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది.

మళ్ళీ నిన్నటికి వద్దాం. మా బావమరిది టెక్‌లో చదివాడు. థాంక్స్‌గివింగ్‌కి కుటుంబంతో కమింగ్‌లో మా ఇంటికే వచ్చాడు. ఒకే సోఫాకి ఆ చివర వాడు, ఈ చివర నేను, మధ్యలో నాన్న. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ మన లైన్‌ని చీల్చుకుంటూ వెళ్తున్నాడు. ఐదున్నర నిమిషాలు మిగిలుండగా 27-13. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. అప్పుడు మొదలైంది మళ్ళీ అదే ఆట. హడిల్ లేదు. బెక్ చకచకా పాస్‌లు, డామినిక్ లవెట్‌కి టచ్‌డౌన్. డాన్ జాక్సన్ కింగ్‌ని కొడితే బంతి జారింది, చాజ్ చాంబ్లిస్ దాని మీద పడ్డాడు. మళ్ళీ లవెట్. 27-27.

నాన్న నిటారుగా కూర్చుని, "ఇప్పుడు చూడు, కూత పెట్టారు" అన్నారు.

మూడో ఓవర్‌టైమ్ నుంచి మూడు గజాల దూరంలోంచి ఒకే ఒక్క ప్రయత్నం, వాళ్ళకొకటి, మనకొకటి. ఒకరి తర్వాత ఒకరు విఫలమవుతూనే ఉన్నారు. ఎనిమిదోదాంట్లో ఫ్రెష్‌మన్ నేట్ ఫ్రేజియర్ లోపలికి దూసుకెళ్ళాడు. బెక్‌కి ఐదు టచ్‌డౌన్ పాస్‌లు, అన్నీ హాఫ్‌టైమ్ తర్వాతే. మా అబ్బాయి గొంతు పోయింది. బావమరిది చాలాసేపు టీవీ వైపే చూస్తూ ఉండిపోయి, లేచి కోటు వేసుకుంటూ, "మీరు గెలిచారు బావా. ఆడింది మాత్రం మేమే" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. వాళ్ళ మీద వరసగా ఏడోసారి గెలిచాం, అయినా నోరు పెగల్లేదు.

ఏథెన్స్‌లో చదివే రోజుల్లో గెలిచిన ప్రతిసారీ నార్త్ క్యాంపస్‌కి నడిచి, వరసలో నిలబడి చాపెల్ బెల్ కొట్టేవాళ్ళం. తాడు లాగితే భుజం దాకా ఝల్లుమనేది. ఆ గంట కొట్టాలని నిన్న రాత్రి నాకు అనిపించలేదు, మొదటిసారి.

ఇవాళ రాత్రి టెక్సస్‌కీ టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కీ మ్యాచ్. గెలిచినవాళ్ళు డిసెంబర్ 7న అట్లాంటాలో మన మీద ఎస్ఈసీ ఫైనల్ ఆడతారు. ఎవరొచ్చినా వాళ్ళ డిఫెన్స్ మనల్ని హాఫ్‌టైమ్ దాకా నిద్రపోనిచ్చి ఊరుకునే రకం కాదు. జాతీయ టైటిల్ కోసం ఆడే పన్నెండు జట్ల ప్లేఆఫ్ మొదటి ఏడు ఇది. ఎస్ఈసీ గెలిస్తే మొదటి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్తాం. దెబ్బలు తగిలిన ఈ జట్టుకి ఆ విశ్రాంతి ప్రాణంతో సమానం.

బోబో గారూ, మీరు కిందటేడాది ఇదే క్వార్టర్‌బ్యాక్‌తో సీజనంతా పాయింట్ల వాన కురిపించారు. ఆ రోజు మొదటి డ్రైవ్‌లోనే హడిల్ వదిలెయ్యండి. మనం 14 పాయింట్లు వెనకున్నామని, ఐదున్నర నిమిషాలే మిగిలాయని అనుకుని పిలవండి ఆ ప్లేలు. మొదటి డౌన్‌లోనే లవెట్‌కి వెయ్యనివ్వండి. రెండు ఇంటర్‌సెప్షన్లు పడితే పడనివ్వండి, నేను నోరెత్తను.

టికెట్లు మూడు తీసుకున్నాను. నాన్నకి జనవరిలో తిరుగు ప్రయాణం, ఈలోపు ఒక్క మ్యాచైనా స్టేడియంలో చూడాలన్నారు. ఎరుపు స్వెటర్ ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నారు. "మొదట్నుంచీ ఆడతారంటావా?" అని ఇందాకే అడిగారు. తెలీదు నాన్నా అన్నాను. మ్యాచ్ మొదలవడానికి గంట ముందే సీట్లలో ఉంటాం.